వరం కాదు, చదువు

టీవీ పాటల పోటీలో చూపులేని కుర్రాడు వేదిక ఎక్కితే ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుగు ప్రేక్షకుడికి ముందే తెలుసు. వెనక వయొలిన్లు విషాదంగా మొదలవుతాయి. కెమెరా తల్లి కన్నీళ్ల మీద నిలుస్తుంది. పాట అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకరు లేచి, దేవుడు నీకు కళ్లు ఇవ్వకపోయినా గొంతు ఇచ్చాడు బాబూ అంటారు. హాలంతా చప్పట్లు. ఆ కుర్రాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్నేళ్లు నేర్చుకున్నాడు, పాట ఎలా రాసుకుని కంఠతా పట్టాడు, రెండో చరణంలో తాళం ఎందుకు జారింది? ఈ ప్రశ్నలు ఎవరి నోటా రావు.

ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇస్తాడన్న నమ్మకం మనకు ఎంత అలవాటైందంటే, దాన్ని ఎవరూ ఒక వాదనగా కూడా చూడరు. మంచి మాట చెబుతున్నామనే అనుకుంటారు. నిజానికి ఆ మంచి మాట చూపులేని కళాకారుడి శ్రమనంతా దేవుడి ఖాతాలో వేస్తుంది. అతనికి దక్కాల్సిన చదువును ఎగ్గొడుతుంది. వరం ఉన్నవాడికి బడి ఎందుకు, పుస్తకం ఎందుకు, జీతమిచ్చి గురువును పెట్టడం ఎందుకు?

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ సంగతే చూడండి. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా సందు సందుకూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ చదివేవాళ్లలో చూపులేని యువకులూ ఉంటారు. ఫోన్‌లో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని కరెంట్ అఫైర్స్ వింటారు. పరీక్ష రోజుకు, తాము చెబితే రాసిపెట్టే స్క్రైబ్‌ను వెతుక్కుంటారు. వాళ్లలో ఒకడు తెల్లకర్రతో టీ కొట్టు దగ్గర ఆగితే, పక్కనున్న పెద్దమనిషి వేసే మొదటి ప్రశ్న ఏమిటి? ‘పాటలు మంచిగ పాడతవా తమ్మీ?’ అతను చదివేది రీజనింగూ, అరిథ్‌మెటిక్కూ. పాటతో అతనికేం పని? ఆ ప్రశ్నలో చెడ్డ ఉద్దేశం లేదు, నిజమే. కానీ చూపులేని మనిషికి మనం కేటాయించిన గది ఏదో అందులో బయటపడుతుంది.

మరి ఆ గదిలోకైనా సరిగ్గా రానిస్తామా? నిజంగా సంగీతమే కావాలనుకున్న చూపులేని పిల్లవాడిని తల్లిదండ్రులు కీబోర్డు క్లాసుకు తీసుకెళితే ఎదురయ్యే జవాబులు సాధారణంగా రెండు. మాకు ఇలాంటివాళ్లకు చెప్పడం రాదండీ అన్నది ఒకటి. వాళ్లకు చెవి బాగుంటుంది కదా, కూర్చోబెట్టండి, విని పట్టేస్తాడు అన్నది రెండోది. మొదటిది తలుపు మూస్తుంది. రెండోది తలుపు తీసి లోపల ఏమీ పెట్టదు. పక్క పిల్లలకు నోట్స్ పుస్తకం, వేళ్ల నంబర్లు, హోంవర్కు; వీడికి మాత్రం వినడం. ఆర్నెల్లలో సినిమా పాటల పల్లవులు నాలుగు వస్తాయి. ఇంట్లో అందరూ మురిసిపోతారు. చదువు మాత్రం మొదలే కాలేదు.

ఈ నమ్మకాన్ని తెలుగువాళ్లు ముందుగా ద్వారం వెంకటస్వామి నాయుడు దగ్గర సరిచూసుకోవాలి. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు చిన్నప్పటినుంచీ చూపు బాగా తక్కువ. బడి చదువు ఆగిపోవడానికి అదే కారణం. వయొలిన్ పట్టించింది అన్న వెంకటకృష్ణయ్య. 26 ఏళ్ల వయసులో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యాడు. 1936లో ప్రిన్సిపాల్. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. గాయకుడి పక్కన కూర్చునే వాద్యాన్ని ఒంటరిగా కచేరీ నిలబెట్టే వాద్యంగా చేసి చూపించినవాళ్లలో ఆయన ముందు వరసలో ఉంటాడు. పాశ్చాత్యులు కమాను ఎలా నడుపుతారో శ్రద్ధగా పరిశీలించి, అందులో మన రాగానికి పనికొచ్చేదాన్ని తీసుకున్నాడు. ఇందులో వరం ఎక్కడుంది? కమాను నడక భుజానికీ, మోచేతికీ, మణికట్టుకూ సంబంధించిన విద్య. అది చెవిలోంచి ఊడిపడదు. అన్న చెప్పిన పాఠం, రోజుల తరబడి సాధన, ఆ తర్వాత చేతిలో ఒక ఉద్యోగం. ఈ మూడూ కలిస్తే ద్వారం. బడి మానిపించాక అన్న ఊరుకుని ఉంటే, చూపు ఎంత తక్కువైనా ఆ వయొలిన్ మోగేది కాదు.

ఆయన పనిచేసిన కళాశాల పుట్టుకే ఈ వాదనకు గట్టి సాక్ష్యం. విజయనగరంలో తరతరాలుగా చెప్పుకునే సంగతి ఇది. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలనే తలంపుతో విజయరామ గజపతి రాజు 1919 ఫిబ్రవరి 5న పాఠశాల తెరిచాడు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ రాజు, చూపులేనివాడికి సంగీతం దానంతటదే వస్తుందిలే అనుకోలేదు. గదులు ఇచ్చాడు, గురువులను పిలిపించాడు, జీతాలు కట్టాడు. తర్వాత ఆ బడిలో చదువుకున్నవాళ్లలో ఘంటసాల ఉన్నాడు, పి. సుశీల ఉన్నారు. చూపులేని ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి తెలుగు సినిమా పాట నడిచి వచ్చింది. వికలాంగులకు ఖర్చు పెట్టడం దానం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పియానో దగ్గరికి వస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1759లో వియన్నాలో పుట్టిన మరియా తెరేసియా ఫాన్ పారాడిస్ పసితనంలోనే చూపు కోల్పోయింది. తండ్రి రాజ దర్బారులో పెద్ద ఉద్యోగి. మహారాణి భృతి ఇచ్చింది. పియానో చెప్పింది కోజెలుహ్, గానమూ స్వరరచనా చెప్పినవాళ్లలో సాలియేరి ఒకడు. ఆ ఊళ్లో అంతకు మించిన గురువులు ఎవరికీ దొరకరు. 1784లో పారిస్ కచేరీలతో ఆమె పేరు యూరప్ అంతా వినిపించింది. ఉత్తరాలు రాసుకోవడానికి ఆమెకోసం చేతి అచ్చుయంత్రం ఒకటి తయారైంది. స్వరాలు కూర్చుకోవడానికి, వేళ్లతో తడిమితే తెలిసేలా ఒక పలక చేయించారు. ఆ పలక మీద ఆమె ఒపెరాలు రచించింది. 1808లో సొంతంగా సంగీత పాఠశాల పెట్టింది. పారిస్‌లో ఆమెను కలిసిన వాలెంటీన్ హ్యుయి, ఆమె చదివే రాసే పద్ధతులు చూసి మరుసటేడే ఆ నగరంలో చూపులేని పిల్లలకు బడి మొదలుపెట్టాడు. హ్యుయిని కదిలించింది ఆమె చెవి కాదు, ఆమె పనిముట్లు. చూపులేని మనిషి రాయగలదు, చదవగలదు అన్న సంగతి.

ఆ బడిలోనే తర్వాత లూయీ బ్రెయిలీ చదివాడు. బ్రెయిలీ లిపి అనగానే మనకు అక్షరాలే గుర్తొస్తాయి. కానీ 1829లో అతను అచ్చువేసిన పుస్తకం పేరులోనే మాటలతో పాటు సంగీతమూ ఉంది. అతను చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. తన సంగీతం తానే రాసుకోవాలన్నది అతని సొంత అవసరం. పద్ధతి చాలా పొదుపైనది. ఆరు చుక్కల గడిలో పై నాలుగు చుక్కలూ ఏ స్వరమో చెబుతాయి. కింది రెండు చుక్కలూ ఆ స్వరం ఎంతసేపు నిలవాలో చెబుతాయి. గీతలు అక్కర్లేదు, పైకీ కిందికీ చూడనక్కర్లేదు. వేలి కొన కింద ఒకే గడిలో స్వరమూ కాలమూ రెండూ ఇమిడిపోతాయి.

ఇంత చక్కటి పద్ధతిని ఆ బడి ఎలా చూసింది? 1840 తర్వాత వచ్చిన కొత్త డైరెక్టరు దాన్ని నిషేధించాడు. చూపున్న అధ్యాపకులు చదవలేని లిపి బడిలో ఎందుకన్నది అతని పట్టు. మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి పిల్లల చేత తడిమించేవారు. పిల్లలు మాత్రం దొంగచాటుగా చుక్కలే పొడుచుకున్నారు, ఎందుకంటే వాటితో తాము రాయగలరు. ఫ్రాన్స్‌లో ఆ లిపికి అధికారికంగా ఆమోదం వచ్చింది 1854లో. అప్పటికి బ్రెయిలీ చనిపోయి రెండేళ్లు. చూపున్నవాళ్ల సౌకర్యం కోసం చూపులేనివాళ్ల రాత ఎన్నేళ్లు ఆగిందో ఇందులో కనిపిస్తుంది. ‘వాడికి చెవి ఉంది కదా’ అనే కీబోర్డు టీచరు కూడా, తెలియకుండానే, ఆ డైరెక్టరు పక్షాన నిలబడుతున్నాడు.

అదే బడిలో క్లోద్ మోంతాల్ అనే ఇంకో విద్యార్థి ఉండేవాడు. అతనికీ చూపు లేదు. ఒక స్నేహితుడితో కలిసి బడిలోని పాత పియానోను విప్పి, ప్రతి భాగమూ తడిమి తెలుసుకుని, మళ్లీ అమర్చాడు. తర్వాత పారిస్‌లో పేరున్న పియానో ట్యూనర్ అయ్యాడు, పియానోలు తయారుచేశాడు. 1836లో, పియానోను శ్రుతి చేయడం ఎలాగో వివరిస్తూ పెద్ద గ్రంథమే రాశాడు. చూపున్నవాళ్లు అది చదివి నేర్చుకున్నారు. ఆ తర్వాత యూరప్‌లో చూపులేని వాళ్లకు పియానో ట్యూనింగ్ ఒక గౌరవమైన వృత్తిగా నిలబడటం వెనక అతని చేయి ఉంది.

పియానో వాయించేవాళ్లు బ్రెయిలీలో ఒక రచన నేర్చుకునే తీరు తెలిస్తే, వరం అన్న మాట నోట రాదు. రెండు చేతులూ మెట్ల మీద ఉంటే చుక్కలు తడమడానికి చేయి మిగలదు. అందుకని ఎడమచేత్తో ఒక్క గణం (బార్) చదివి కుడిచేత్తో వాయించాలి. తర్వాత కుడిచేత్తో చదివి ఎడమచేత్తో వాయించాలి. రెండూ కంఠస్థమయ్యాక కలపాలి. అప్పుడు రెండో గణం. చూపున్న విద్యార్థి కాగితం ఎదురుగా పెట్టుకుని మొదటిరోజే తడబడుతూ చివరిదాకా వెళ్లగలడు. చూపులేని విద్యార్థి కంఠతా రానిది ఒక్క గణం కూడా రెండు చేతులతో వాయించలేడు. లోకం అబ్బురపడే ఆ జ్ఞాపకశక్తి ఇలా, గణం తర్వాత గణంగా, వేళ్ల చివర్ల నుంచి పోగైంది. దాన్ని పుట్టుకతో వచ్చిందనడం ఆ మనిషి గడిపిన వేల గంటలను కొట్టిపారేయడమే.

వినికిడితో నేర్చుకున్నవాళ్లు గొప్పవాళ్లు కాలేదా అని ఎవరైనా అడగవచ్చు. అయ్యారు. జపాన్‌కు చెందిన నొబుయుకి త్సుజీ పుట్టుకతోనే చూపు లేనివాడు. 2009లో అమెరికాలోని వాన్ క్లైబర్న్ పోటీలో బంగారు పతకం పంచుకున్నాడు. అతను ఎక్కువగా రికార్డింగులు విని నేర్చుకుంటాడు. అయితే ఏ రికార్డింగులు? అతని కోసం వేరే పియానిస్టులు కుడిచేతి భాగం విడిగా, ఎడమచేతి భాగం విడిగా, చిన్నచిన్న ముక్కలుగా వాయించి పెట్టినవి. కాగితం మీద రచయిత ఏం సూచించాడో కూడా అతనికి చేరవేసేవాళ్లు ఉండాలి. అంటే అక్కడా చదువే, మరో రూపంలో. దుకాణంలో కొన్న సీడీ విని పట్టేసిన వరం కాదు. ఎవరో పెద్ద విద్వాంసుడి రికార్డు వింటే, రచయిత రాసిందేదో, వాయించినవాడు కలిపిందేదో చెవి విడదీయలేదు. విన్నదాన్ని అనుకరించే విద్యార్థికి ఆ రెండూ ఒకటే. అతను సొంత నిర్ణయం తీసుకోవాలంటే మూలం అతని చేతికి అందాలి.

మన సంగీతం గురుముఖతః వచ్చేది కదా, దీనికి లిపి ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఈ మాటను గౌరవంగానే తీసుకోవాలి, ఎందుకంటే గమకాన్ని ఏ లిపీ పూర్తిగా పట్టలేదు. కానీ 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని స్వరలిపితో, గమకాల గుర్తులతో, తెలుగు అక్షరాల్లో అచ్చువేయించాడు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు ఈ రోజు ఇలా పాడుతున్నారంటే అందులో ఆ పుస్తకం వాటా చాలా పెద్దది. చూపున్న శిష్యుడి సంచిలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉంటుంది. గురువు చెప్పింది రాసుకుంటాడు, ఇంటికెళ్లి సరిచూసుకుంటాడు. గురుముఖం ఒక్కటే చాలు అన్న నియమం చూపులేని శిష్యుడికి మాత్రమే ఎందుకు? పైగా మన స్వరలిపి అక్షరాల లిపి. స, రి, గ, మ అని రాసుకుంటాం. 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిలీలో ఈ అక్షరాలన్నీ ఉన్నాయి. తెలుగు బ్రెయిలీ వచ్చిన పిల్లవాడికి స్థాయి, కాలాల గుర్తులు నాలుగు చెబితే సరళీస్వరాలు ఆ వారంలోనే రాసుకోగలడు. పాశ్చాత్య స్వరలిపికి ఉన్నంత చిక్కు కూడా మన దగ్గర లేదు.

విజ్ఞానశాస్త్రం మాటేమిటి అనే ప్రశ్నను తప్పించుకోకూడదు. పసితనంలో చూపు పోయినవాళ్లు శ్రుతిలో చిన్న తేడాలను మెరుగ్గా పట్టగలరని 2004లో కెనడా పరిశోధకులు చూపించారు. అదే ఏడాది అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, చిన్నప్పుడే చూపు పోయిన సంగీతకారులు 21 మందిలో 12 మందికి, ఏ ఆధారమూ లేకుండా స్వరాన్ని పేరుతో గుర్తించే శక్తి ఉన్నట్టు తేలింది. చూపున్న సంగీతకారుల్లో ఇది ఇంత ఎక్కువగా కనిపించదు. వరం వాదులకు ఇది పెద్ద ఆధారంగా తోచవచ్చు. కాస్త ఆగి చూడండి. ఆ 21 మందీ ముందే సంగీతం నేర్చినవాళ్లు. నేర్చుకోని చూపులేనివాళ్లకు సంగీతం వచ్చేసిందని ఆ అధ్యయనం ఎక్కడా అనలేదు. ఆ శక్తి లేని తొమ్మిది మందీ సంగీతకారులే. ఇక ఆ శక్తి ఎంత ఉపయోగం అన్నది వేరే సంగతి. మన కర్ణాటక సంగీతంలో షడ్జమానికి స్థిరమైన చోటే లేదు. ఒకరు ఒకటో శ్రుతిలో పాడతారు, ఇంకొకరు ఐదో శ్రుతిలో పాడతారు. అక్కడ కావలసింది ఆధారషడ్జానికి మిగతా స్వరాలు ఎంత దూరమో తెలియడం. అది తంబూరా పక్కన కూర్చుని సాధించేది. మెదడు కొంత సర్దుకుంటుందన్నది నిజం. సర్దుకున్న మెదడుకు పాఠం చెప్పేవాడు కావాలన్నదీ అంతే నిజం.

వరం మాట వల్ల రెండు వైపులా నష్టం. సంగీతం వచ్చినవాడికి విమర్శ దొరకదు. అతని రాగాలాపన బాగోలేదని ఏ పత్రికా రాయదు, దాంతో అతను మెరుగుపడే దారీ మూసుకుపోతుంది. సంగీతం రానివాడికి ఇంకా కష్టం. దేవుడు ఇచ్చిన ఆ ఒక్కటీ కూడా వీడికి లేదన్న చూపు భరించాలి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడిని హార్మోనియం ముందు కూర్చోబెడతారు. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు అడిగితే కుదరదన్నారు. కోర్టుకెళ్లి తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. చూపులేనివాళ్లు న్యాయాధికారులు కావచ్చని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది 2025 మార్చిలో. ఇన్నాళ్లూ ఆ తలుపులు మూసి ఉంచింది ఉద్యోగ నిబంధనల్లోని ఒక వాక్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. ‘వాళ్లకు సంగీతం ఉంది కదా’ అన్న తృప్తి కూడా మూసి ఉంచింది.

సంగీతమూ రచనా రెండూ ఒకే మనిషిలో నిలిచిన ఉదాహరణ కావాలంటే మన పొరుగున కర్ణాటకలో గదగ్ ఉంది. పుట్టరాజ గవాయికి చూపు లేదు. ఆయనకు చెప్పిన పంచాక్షర గవాయికీ లేదు. శిష్యుడు గాయకుడు, ఎన్నో వాద్యాలు వచ్చినవాడు. అంతకు మించి కన్నడ, సంస్కృత, హిందీ భాషల్లో పుస్తకాలూ నాటకాలూ రాసినవాడు. బ్రెయిలీ ఆయన చేతిలో కలం. 2010లో పద్మభూషణ్ అందుకుని, ఆ ఏడాదే 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. వీరేశ్వర పుణ్యాశ్రమంలో ఆయన దగ్గర నేర్చుకున్న చూపులేని గాయకులు కర్ణాటక అంతటా ఉన్నారు. అక్కడ తిండి, నీడ, గురువు, రోజువారీ పాఠం ఉన్నాయి. కాబట్టే ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో కీబోర్డు నేర్పే టీచర్లకు ఇదేమీ అసాధ్యమైన పని కాదు. మెట్లు చూడాల్సిన అవసరమే లేకుండా ఆ వాద్యం కట్టారు. నల్ల మెట్లు రెండు, మూడు, రెండు, మూడుగా గుంపులుగా ఉంటాయి, వేళ్లకు తెలిసిపోతాయి. రెండింటి గుంపుకు ఎడమపక్క తెల్ల మెట్టు సి. పాఠం మొదలుపెట్టడానికి ఇది చాలు. ‘ఇది, ఆ తర్వాత ఇది’ అని చూపించే బదులు స్వరం పేరు, వేలి నంబరు పైకి చెప్పాలి. ఒక్కో చేతి భాగం నెమ్మదిగా వాయించి ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. బ్రెయిలీ పలక, స్టైలస్ తెచ్చుకోమనాలి. స్వరాల పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ఆ హక్కు ఇచ్చింది. ఇలాంటి పుస్తకాలు దేశాల మధ్య పంచుకునే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. లండన్ సంగీత బోర్డుల గ్రేడు పరీక్షల్లో చూపులేని అభ్యర్థులకు వేరే ఏర్పాట్లున్నాయి, అడిగితే చేస్తారు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో ఎక్కితే రెండు మూడు స్టేషన్ల దూరంలో, మలక్‌పేట నల్లగొండ చౌరస్తా దగ్గర, వికలాంగుల సంక్షేమ భవన్ ఉంది. బ్రెయిలీలో స్వరలిపి చెప్పగల బోధకుడిని జీతమిచ్చి పెట్టమని ఆ ఆఫీసును అడగాల్సింది తల్లిదండ్రులు మాత్రమే కాదు, సంగీతం టీచర్లు కూడా. ఇక క్లాసులో చేరిన పిల్లవాడి దగ్గర అందరి దగ్గరా తీసుకున్నంత ఫీజే తీసుకోవాలి, అందరికీ ఇచ్చినంత హోంవర్కే ఇవ్వాలి. ఎడమచేయి వెనకబడితే వెనకబడిందని చెప్పి, ఆ గణం మళ్లీ వాయించమనాలి.